రూతమ్మ ఆకులు, నా కడుపుమంట

మా వీధి చివరి బడిలో ఈమధ్య ఒకమ్మాయి డ్రాయింగ్ టీచరుగా చేరింది. నేనూ అదే పని చేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట, ఒక ఆదివారం ఇంటికి వచ్చింది. టీ తాగుతూ, "సార్, ఈ ఉద్యోగంల అన్నిటికన్న కష్టమేంది?" అని అడిగింది. పిల్లల దగ్గర రంగులుండవనో, మన పీరియడును హెడ్మాస్టరు లెక్కల సారుకు ఇచ్చేస్తాడనో చెబుతానని అనుకున్నట్టుంది. "పక్కనున్నోళ్ళు మనకన్న మంచిగ ఎయ్యడం" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

ఈ సంగతి ఎవరూ రాయరు. రిటైరైనవాళ్ళు రాసుకునే జ్ఞాపకాల్లో తోటివాళ్ళందరూ ఆప్తమిత్రులు, పై అధికారులందరూ దేవుళ్ళు. నాకంత మంచితనం లేదు. నేను గద్వాలలో పుట్టి, గద్వాల, ఖిల్లా ఘణపూర్, నాగర్ కర్నూల్ బడుల్లో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేశాను. ఆ సర్వీసులో చివరి భాగమంతా ఒక మనిషి మీద ఏడుస్తూ గడిపాను. ఆమె పేరు రూతమ్మ. ఆమె నీటిరంగుల్లో ఎండుటాకులు వేస్తుంది. నేను చూసినంతలో వాటిని ఆమెలా వేసినవాళ్ళు లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పొద్దంతా పట్టింది.

అసలు పని

డ్రాయింగ్ మాస్టరంటే బొమ్మలు నేర్పేవాడని అనుకుని చేరకండి. సోషల్ సారుకు దేశపటాలు, సైన్సు టీచరుకు గుండెకాయ, పంద్రాగస్టుకు స్వాగతం బోర్డు, ఎవరైనా రిటైరైతే సన్మానపత్రం, ఇవన్నీ అయ్యాక సమయం మిగిలితే పిల్లలకు ఒక కుండ, ఒక మామిడిపండు. ఇందులో నాకు ఇష్టం లేనిదేమీ లేదు. నా చెయ్యి అందుకే పుట్టింది. కొలబద్ద లేకుండా నల్లబోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు గీత లాగేవాణ్ణి. పిల్లలు స్కేలు తెచ్చి పెట్టి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆ చూపు కోసం అవసరం లేకపోయినా గీతలు లాగిన రోజులున్నాయి.

ఖిల్లా ఘణపూర్‌లో నా హెడ్మాస్టరు మంచివాడే, కానీ ఆయనకు ప్రతిదీ రోడ్డు మీదికి కనబడాలి. బడి గోడ మీద ఊరి కొండా కోటా వేయమన్నాడు. వేశాను. రాళ్ళ వరసలు కూడా ఎదురుగా ఉన్న కోటను చూసి పట్టుకున్నాను. ఆయన రోడ్డు అవతల నిలబడి చూసి, "బాగుంది గని ఆంజనేయులు సారు, పైన జెండ పెట్టుండ్రి. జర పెద్దగ పెట్టుండ్రి, బస్సుల పోయేటోనికి కనబడాలె" అన్నాడు. పెట్టాను. ఇంకా పెద్దగా అన్నాడు. చివరికి కోటకు జెండా ఉన్నట్టు కాక, జెండా ఎగరేయడానికి కింద ఒక కోట కట్టినట్టు తయారైంది. బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు జెండాను మెచ్చుకున్నాడు. చెప్పినట్టు వేసేవాళ్ళను అందరూ మెచ్చుకుంటారు, రెండో రోజుకు మరిచిపోతారు. ఇది నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

సర్కారు పెట్టే లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు పిల్లలను తయారుచేయడం ఒక్కటే మా పనిలో నిజమైన చదువు. అందులో నీటిరంగులతో ఆకు వేయడం ఒక ప్రశ్న. దానికి నా పద్ధతి ఉండేది. సన్నటి పెన్సిలు గీత, లేత పూత, పూర్తిగా ఆరనివ్వడం, ముదురు పూత, ఈనెలు, చివర్న నీడ. మా పాలమూరు ఎండకు బ్రష్షు తిరిగి వచ్చేలోపల పూత ఆరిపోయి అంచు కట్టేస్తుంది. అందుకని కాగితం కింద తడిబట్ట పరిపించేవాణ్ణి. నీటి మచ్చ పడిందంటే ఆ షీటు చింపించేవాణ్ణి. మచ్చకు మార్కులు పోతాయి. నా పిల్లల ఆకులు ఇస్త్రీ చేసినట్టు ఉండేవి. ఆ రోజుల్లో దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

శరత్తు అని రాసిన కాగితం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక జనవరి నెలలో, డ్రాయింగ్ టీచర్లకు వనపర్తిలో పోటీ పెట్టారు. అప్పుడు ఈ ఊళ్ళన్నీ ఒకే జిల్లా. అంశం ఇంగ్లీషులో 'ఆటమ్ లీవ్స్' అని వచ్చిందట. దాన్ని ఎవరో నిఘంటువు చూసి 'శరదృతువులో ఆకులు, నీటిరంగులు' అని తెలుగు చేసి మా చేతుల్లో పెట్టారు.

మా వైపు శరత్తంటే బతుకమ్మ, దసరా. తంగేడు పూసి ఉంటుంది, జొన్నచేలు నిలబడి ఉంటాయి, వాన తాగిన చెట్లన్నీ పచ్చగా మెరుస్తుంటాయి. ఒక్క ఆకు రాలదు. మాకు ఆకులు రాలేది శిశిరంలో, సంక్రాంతి వెళ్ళాక. అందుకని ఆ హాల్లో సగంమంది పచ్చపచ్చటి ఆకులు వేసి, శరత్తన్నారు కదా అని పైన నిండు చంద్రుణ్ణి పెట్టారు. ఒకాయన కింద బతుకమ్మను కూడా పేర్చాడు.

నేను తెలివైనవాణ్ణి. ఆ ఇంగ్లీషు మాటకు అర్థం నాకు తెలుసు. మంగలి షాపులో గోడ మీదున్న క్యాలెండరులో చలిదేశపు చెట్ల ఆకులు, వేళ్ళు చాపినట్టుండే ఎర్రటి ఆకులు, గడ్డం గీయించుకుంటూ ఎన్నోసార్లు చూశాను. కళ్ళు మూసుకుంటే వచ్చేవి. అవే వేశాను. అంచులు పదునుగా, ఈనెలు సరిసమానంగా, ఎరుపులో అక్కడక్కడ ముదురు చుక్కలు.

నా పక్కన కిటికీ దగ్గర కూర్చున్నామె కాగితం మీద ఇంకా చెయ్యి పెట్టలేదు. లేచి బయటికి వెళ్ళింది. బడి వాకిట్లో బాదం చెట్టు ఉంది. దాని కింద రాలిపడ్డ ఒక ఎర్రాకు పట్టుకుని వచ్చింది. కూర్చోబోతూ నా కాగితం వైపు వంగి, అందరికీ వినబడేలా, "ఏంది సారు, ఆముదపాకుకు తట్టు పోసిందా?" అంది.

హాలంతా నవ్వింది. నా ఆకు తట్టు పోసిన ఆముదపాకు లాగే ఉంది. అదే నా బాధ.

"ఇది చలిదేశాల ఆకు మేడం. అక్కడ గిట్లనే ఉంటది" అన్నాను.

"మీరు పోయి సూసిన్రా?"

"ఫోటోల సూసిన."

"నా ఆకు గీడ కిందనే పడున్నది సారు. వంగి తీసుకున్న, అంతే" అని బ్రష్షు నీళ్ళలో ముంచింది.

ఆమెకు మొదటి బహుమతి, నాకు రెండోది. ఇంటికి బయలుదేరే ముందు, ఎవరూ లేనప్పుడు ఆమె బొమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఒకే ఒక్క బాదం ఆకు. సగం ఎరుపు, సగం కుళ్ళిన గోధుమ రంగు, ఒక అంచు పైకి మడత పడి ఉంది. ఈనెలు గీయలేదు, అయినా ఉన్నాయి. కాలు పెడితే కరకరమంటుందనిపించింది. నా కళ్ళు కుట్టాయి. అలాంటి మాట పుస్తకాల్లో చదవడమే గానీ, నిజంగా కంట్లో మంట పుడుతుందని అప్పుడే తెలిసింది.

రూతమ్మది వీపనగండ్ల. తల్లిదండ్రులు కూలివాళ్ళు, కాలువ పనులకు దేశాలు పట్టుకుని తిరిగినవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళ వెంట తిరిగి, తర్వాత హాస్టల్లో చదివి ఉద్యోగం తెచ్చుకుంది. ఈ సంగతులు ఆమె గొంతు తగ్గించి చెప్పేది కాదు. మా నాన్నకు భూమి ఉంది, అలాంటి భూముల్లో ఆమెవాళ్ళు కూలి చేశారు. నా ఏడుపులో ఆ లెక్క కూడా కలిసిందా అంటే, కలిసింది. పోనీ ఆమెకు వినయమైనా ఉందా అంటే అదీ లేదు. బొమ్మ పూర్తికాగానే చేయి చాపి దూరంగా పట్టుకుని, "అబ్బ, ఎంత సక్కగొచ్చిందో సూడు" అని తనకు తానే చెప్పుకునేది. వినయం లేకపోయినా చెల్లిపోయేంత పనితనం ఉండడం నాకు మరీ అన్యాయంగా తోచేది.

మెరుపు పోయేటప్పుడు

ఆమె గుట్టు తెలుసుకోవాలని ఏదో ఒక సాకుతో ఆమె పనిచేసే వనపర్తి బడికి వెళ్ళేవాణ్ణి. ఒకసారి పరీక్ష డ్యూటీ, ఒకసారి చుట్టాల పెళ్ళి. ఆమె ఏమీ దాచలేదు. దాచి ఉంటే కనీసం పిసినారిదని తిట్టుకునేవాణ్ణి. కుర్చీ వేసి, ఎదురుగా కూర్చోబెట్టి, చేసి చూపించింది.

పూత వేస్తుంది. అది ఆరకముందే, కాగితం మీద తడి మెరుపు తగ్గుతుండగా, బ్రష్షు కొసతో ఉత్త నీటిచుక్క వదులుతుంది. ఆ చుక్క రంగును చుట్టూ తోసేస్తుంది. తోసిన చోట గరుకు అంచుతో ఒక మచ్చ తేలుతుంది. ఎండుటాకు మీద కుళ్ళు పట్టిన మచ్చ సరిగ్గా అలాగే ఉంటుంది. నేను ఏళ్ళ తరబడి షీట్లు చింపించిన మచ్చే అది. నేను తడిబట్ట పరిచి తప్పించుకున్న ఎండనే ఆమె పనిలో పెట్టుకుంది.

"చుక్క ఎప్పుడు ఒదలాలె?" అన్నాను.

"మెరుపు పోయేటప్పుడు."

"పోకముందా, పోయినంకనా?"

"పోయేటప్పుడు సారు" అని నా మొహం చూసి నవ్వింది.

ఇంటికి వచ్చి తలుపు వేసుకుని వేశాను. ముందు వదిలితే చుక్క నీళ్ళలో నీళ్ళయి పారిపోయింది. ఆగి వదిలితే టీ గ్లాసు పెట్టిన గుర్తులా కూర్చుంది. షీటు మీద షీటు పాడుచేశాను. నా చెయ్యి గీత కోసం ఎదురుచూసే చెయ్యి. నీళ్ళు తమ ఇష్టమొచ్చినట్టు పోతుంటే ఊరికే చూస్తూ కూర్చోవడం దానికి రాదు. కొత్తగా చేరేవాళ్ళకు ఒక మాట చెబుతాను. నేర్చుకోగలిగినవాటి మీద ఈర్ష్య పడండి, అది మిమ్మల్ని ముందుకు తోస్తుంది. చేతికి రానివాటి మీద పడితే నాలాగా కూర్చుంటారు. అయినా పడకుండా ఉండలేరు, అది నాకు తెలుసు.

మా అమ్మాయి బడికి వచ్చింది

తర్వాత కొన్నేళ్ళకు నేను నాగర్ కర్నూల్‌కు మారాను. అక్కడైనా ఆమె బాదం ఆకుల పీడ ఉండదనుకున్నాను. ఆ ఎండాకాలం బదిలీల్లో రూతమ్మ కూడా అదే ఊరికి వచ్చింది. నేను మగపిల్లల బడిలో, ఆమె ఆడపిల్లల బడిలో. ఆ ఆడపిల్లల బడిలోనే మా ఒక్కగానొక్క కూతురు శ్యామల తొమ్మిదో తరగతి చదువుతోంది.

శ్యామలకు బలపం పట్టుకున్నప్పటి నుంచి గీతలు నేర్పింది నేను. గుండ్రం గీయమంటే పళ్ళెం అంచు పట్టినట్టు గీసేది. హయ్యర్ పరీక్షకు నేనే తయారుచేయాలని ఎప్పుడో అనుకున్నాను. రూతమ్మ వచ్చిన నెలకు ఒక సాయంత్రం శ్యామల షీటు తెచ్చి నా ముందు పెట్టింది. వేపరెమ్మ. సగం ఆకులు పసుపు, కింద రాలినవి రెండో మూడో. ఒక ఆకు మీద మచ్చ తేలి ఉంది. సరైన చోట, సరైన అంచుతో. నాకు రాని మచ్చ.

"ఎప్పుడు ఒదిలినవ్ చుక్క?" అన్నాను.

"మెరుపు పోయేటప్పుడు నాయినా" అంది, అదేమంత పెద్ద విషయం కానట్టు.

నా కూతురని సంతోషపడాలి కదా. పడ్డాను కూడా, ఒక క్షణం. ఆ తర్వాత కాగితం మీద రూతమ్మ చెయ్యే కనబడింది. "ఈనెలేవి? పరీక్షల ఈనెలు అడుగుతరు" అన్నాను. "టీచర్ వద్దన్నది" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి మాట వెనకా ఒక టీచరు ఉండేది. టీచర్ గిట్ల చెప్పింది, టీచర్ గట్ల వద్దన్నది. మా ఆవిడ పద్మ కూరలో ఉప్పు చాలలేదని నేనంటే, "పోయి మీ టీచర్ను అడుగు బిడ్డా, ఎంత ఎయ్యాల్నో" అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. బోర్డు మీద ఎంత పొడుగు గీత లాగినా, నా కూతురి కళ్ళలో ఇక ఆ చూపు రాదని తెలిసిపోయింది. నాకు ఆ చూపు కావాలి. ప్రపంచంలో అందరూ రూతమ్మను మెచ్చుకోనీ, మా ఇంట్లో మనిషి మాత్రం నన్నే గురువనాలి. నా కోరిక అంతే.

అమ్రాబాద్ దారిలో

శ్యామల తొమ్మిదో తరగతి చివర్లో జిల్లా పిల్లలకు పోటీ ప్రకటించారు. అంశం 'ఆకు రాలు కాలం'. ఈసారి తెలుగు సరిగ్గానే రాశారు. రూతమ్మ ఊరుకుంటుందా, అడవిని చూసే వేయాలంది. మార్చి నెల ఆదివారం కొందరు అమ్మాయిలను తీసుకుని అమ్రాబాద్ బయలుదేరింది. ఆడపిల్లలకు తోడుగా వస్తానని నేనూ బస్సెక్కాను. తోడు సంగతి దేవుడెరుగు, నేను వెళ్ళింది కాపలాకు.

అచ్చంపేట దాటి గుట్టలెక్కాక, అమ్రాబాద్ ఇంకా కొంత దూరం ఉందనగా దిగాము. అడవంతా బట్టతల అయినట్టుంది. టేకాకులు కింద మేటలు వేసి ఉన్నాయి. ఆ బూడిద రంగు మధ్య రోడ్డుకు దూరంగా, వాలు మీద, కొన్ని చెట్లు రాగి చెంబు తోమినట్టు ఎర్రగా నిలబడి ఉన్నాయి. అమ్మాయిలు అరిచినంత పని చేశారు. రూతమ్మ అక్కడే కల్వర్టు గోడ మీద కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకుంది. "సూడుండ్రి పిల్లలూ, రాలే ముందట ఎంత ఎర్రగైనయో. ఈనెలు మరువుండ్రి, రంగు మాత్రం పట్టుండ్రి" అంది. శ్యామల ఆమె పక్కనే కూర్చుంది.

నేను దూరం నుంచి వేయలేను. ముట్టుకోనిదే నాకు ఏదీ తెలియదు. వాలు దిగి చెట్టు దగ్గరికి వెళ్ళాను. అవి ఇప్పచెట్లు. కింద పాత ఆకులు మట్టి రంగులో ఎండి పడి ఉన్నాయి. పైన కొమ్మల కొసల్లో గుత్తులుగా ఉన్న ఎర్రాకులు మెత్తగా, నూగుతో, కిందికి వాలి ఉన్నాయి. ఒకటి తుంచాను. తొడిమ దగ్గర తెల్లటి పాలు కారాయి. రాలిపోయే ఆకులో పాలు ఎక్కడివి? అది చిగురు. ఆ చెట్లు ఆకులు రాల్చేసి, మళ్ళీ పుడుతున్నాయి. రూతమ్మ పుట్టే ఆకును చూసి చచ్చే ఆకని పిల్లలకు చెబుతోంది.

మీరు నన్ను ఏమన్నా అనుకోండి. ఆ పాలు వేళ్ళకు జిగటగా అంటుకుని ఉండగా, నాకు కలిగిన సంతోషం ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. వంగి తీసుకున్నానన్న మనిషి ఈసారి వంగలేదు. కల్వర్టు మీద కూర్చుని, చూడగానే తెలిసినట్టు మాట్లాడింది. ఆమెది వీపనగండ్ల మైదానం, నాది గద్వాల మైదానం, ఇప్ప చిగురు ఇద్దరికీ కొత్తదే. కానీ దగ్గరికి వెళ్ళింది నేను.

"ఏంది సారు, చెట్టుతోని ముచ్చట పెడుతున్నరా?" అని పైనుంచి కేకేసింది.

"ఏం లేదు మేడం, నీడ సూస్తున్న" అని వేళ్ళు మట్టికి తుడుచుకున్నాను. చెప్పలేదు. చెప్పడానికి తగిన చోటు ఇంకొకటి వస్తుందనుకున్నాను. నలుగురు ఉన్న చోటు.

తిరిగి వెళ్ళేసరికి శ్యామల బొమ్మ పూర్తయింది. చెట్టు మొద్దును కాగితపు తెలుపుతోనే వదిలేసింది. ఎరుపు మీద నీటిచుక్కలు వదిలి వదిలి గుత్తులు తేల్చింది. రూతమ్మ బొమ్మ కన్నా అదే బాగుంది. ఆ సంగతి రూతమ్మే ముందు చెప్పి, నా నోటి దగ్గరి మాట కూడా లాగేసుకుంది.

శాలువా

బొమ్మకు మొదటి బహుమతి వచ్చింది. బహుమతి ప్రదానం నాగర్ కర్నూల్‌లోనే. మా దగ్గర ఇలాంటి సభల్లో ఒక ఆనవాయితీ ఉంది. గెలిచిన పిల్లలు వేదిక మీద మైకులో తమ గురువు పేరు చెప్పి, పైకి పిలిచి, శాలువా కప్పి కాళ్ళకు దండం పెట్టాలి. శాలువా ఇంటివాళ్ళే తెచ్చుకోవాలి. పద్మ బజారు నుంచి శాలువా తెచ్చి బీరువాలో పెట్టడం చూశాను. ఎవరికని అడగలేదు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను.

సభకు ముందురోజు సాయంత్రం శ్యామల అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేస్తోంది. "నా గురువు శ్రీమతి రూతమ్మ టీచర్ గారిని సభాముఖంగా..." అంటోంది. నేను గుమ్మంలో ఉన్నాను.

"అవి రాలే ఆకులు గావు" అన్నాను.

శ్యామల ఇటు తిరిగింది. "ఏంది నాయినా?"

"నువ్వు ఏసినవి. ఇప్పచెట్టు చిగురు. నేను దగ్గరికి పోయి సూసిన. తొడిమ తెంపితే పాలు గారినయి. మీ టీచర్‌కు తెల్వదు. తెల్వకనే చెప్పింది."

పిల్ల మొహం తెల్లబోయింది. అద్దంలో ఒక మొహం, బయట ఒక మొహం, రెండూ నన్నే చూశాయి. "ఆ రోజే సూసినవా?" అంది.

"ఆ రోజే."

"మరి ఇంతదనుక ఎందుకు చెప్పలే?"

జవాబు వంటింట్లోంచి పద్మ ఇచ్చింది. "మీ నాయినకు శాలువ గావాలె బిడ్డా. కడుపుమంట. ఇంకేం లేదు" అంది. శ్యామల ప్రాక్టీసు ఆపేసి లోపలికి వెళ్ళింది. పేరు మారుతుందేమోనని నాకు ఆశ ఉండింది, ఉండలేదంటే మీరు నమ్మరు.

మరునాడు సభలో ముందు వరసలో కూర్చున్నాను. రూతమ్మ అటు చివర, కొత్త చీర కట్టుకుని. శ్యామల పేరు పిలిచారు. మైకు పట్టుకుంది.

"అందరికి నమస్కారం. నా బొమ్మ కింద రాలే ఆకులు అని రాసిన్రు. అవి రాలే ఆకులు గావు. ఇప్పచెట్టు చిగురు. దగ్గరికి పోయి తొడిమ తెంపితే పాలొస్తయట. మేమందరం దూరం నుంచే సూసినం. మా నాయిన ఒక్కడే చెట్టు కాడికి పోయి సూసిండు. ఆయన చెప్పకపోతే నాకు తెల్వకపోవు. బహుమతి మల్ల తీసుకుంటమంటే తీసుకోండ్రి."

జడ్జీలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. ముఖ్య అతిథి పెద్దమనిషి, రైతు. బొమ్మ వైపు మెడ తిప్పి చూసి, "చిగురైతే ఇంకింత మంచిదే గదమ్మా. సక్కగుంది. ఉండనియ్యి" అన్నాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. జడ్జీలు కూడా కొట్టక తప్పలేదు.

నేను కుర్చీలో ముందుకు జరిగాను. శ్యామల మైకును మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది. "రంగును ఎట్ల ఒదలాలెనో నాకు నేర్పింది మా రూతమ్మ టీచర్. టీచర్, జర పైకి రాండ్రి" అంది.

రూతమ్మ వెళ్ళింది. శాలువా కప్పించుకుంది, దండం పెట్టించుకుంది, శ్యామల తల నిమిరింది. నేనైతే ఆ చోట మొహమాటపడి, వద్దనో, తండ్రిని కూడా పిలవమనో అనేవాణ్ణి. ఆమె అలాంటివేమీ చేయలేదు. నేను వెనక్కి జరిగి కూర్చున్నాను. చప్పట్లు కొట్టాను. నా కూతురు నా నిజాన్ని ఊరందరికీ చెప్పింది, నా శాలువాను ఇంకొకరికి ఇచ్చింది. గర్వపడాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. దుమ్ము పడిందని కళ్ళు తుడుచుకున్నాను.

సభ అయ్యాక బయట టీ ఇస్తున్నారు. ఆ ఎండలో శాలువా తీయకుండానే రూతమ్మ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుని సిద్ధపడ్డాను.

"నీడ సూస్తున్ననంటిరి" అంది.

"అవును."

"నాకొక్క మాట చెప్పొచ్చు గద సారు."

"మీరు అడగలే."

"నేనెందుకు అడుగుత" అని టీ ఊదుకుంది. శ్యామల దూరంగా పద్మ పక్కన నిలబడి ఉంది, అటే చూస్తోంది. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది. "ఇంతమంది పిల్లలకు నేర్పిన. అందరు శాలువలు కప్పిన్రు, మా ఇంట్ల పెట్టె నిండ శాలువలే. ఒక్క పిల్ల గూడ నేను జెప్పిన మాటను నెత్తిన పెట్టుకోని, బహుమతి పోతె పోనీ అని మైకుల నిలబడలే. మీ మాటకు నిలబడ్డది. శాలువ నాదే గని, నాకు కడుపు మండుతుంది సారు."

నేను ఓదార్చలేదు. అదేమీ లేదు మేడం అనో, మీరే గొప్ప అనో అనాల్సిన చోట నోరు మూసుకుని నిలబడ్డాను. ఆమె టీ తాగేసి, గ్లాసు పెట్టి, శాలువా సర్దుకుని వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి పద్మను అడిగి మరీ మారు అన్నం పెట్టించుకుని తిన్నాను.